మట్టి కట్టకు మనిషి తోడు

మంగంపేట పేరు చెబితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ముగ్గురాయి. ఒకేచోట ఇంత ముగ్గురాయి నిల్వ ప్రపంచంలో మరెక్కడా లేదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు తూగే రాయి అది. దాన్ని తవ్వి, పిండి పట్టి, ఓడలకెక్కించి, చమురు బావులు తవ్వే దేశాలకు పంపుతున్నాం. అక్కడ ఆ పిండిని బురదలో కలిపి బావిలోకి దించుతారు. పాతాళం నుంచి గ్యాసు, నూనె ఎగదన్నకుండా ఆ బురద తన బరువుతో అదిమి పట్టుకుంటుంది. బరువుతో ఒత్తిడిని నిలేసే ఇలాంటి పనే మన ఊళ్ల పక్కన మామూలు మట్టి కొన్ని వందల ఏళ్లుగా చేస్తోంది. చెరువు కట్ట చేసేది అదే, ఏటికి అడ్డంగా వేసిన చిన్న మట్టి ఆనకట్ట చేసేదీ అదే. ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది ఆ కట్ట గురించి.

మన నేల తీరు ముందు చూద్దాం. కోడూరు, ఓబులవారిపల్లె, పుల్లంపేట, రాజంపేట, నందలూరు వరుసగా ఉన్న ఈ పల్లపు దారికి పడమట శేషాచలం, పాలకొండలు, తూర్పున వెలికొండలు. నైరుతి మేఘాలు పడమటి కొండలు దాటి వచ్చేసరికి సగం ఖాళీ అయిపోతాయి. మనకు ఆధారం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. అవి వచ్చినప్పుడు వాన నింపాదిగా కురవదు. కొండల మీద కుంభవృష్టి పడుతుంది, కొన్ని గంటల్లోనే గుంజన పొంగుతుంది, చెయ్యేరు పొంగుతుంది. నాలుగు రోజులు పోతే మళ్లీ ఇసుకే. ఏడాదికి సరిపడా నీళ్లు నాలుగు రాత్రుల్లో వచ్చి వెళ్లిపోయే సీమ ఇది. వచ్చినదాన్ని నిలుపుకుంటే మామిడి, అరటి, బొప్పాయి, నిమ్మ. నిలుపుకోలేకపోతే వెయ్యి అడుగుల బోరు, దాని అప్పు.

కట్ట కింద తూములోంచి పారే నీళ్లే లెక్కలోకి వస్తాయి గానీ కంటికి కనబడకుండా ఇంకే నీళ్ల విలువ దానికి తీసిపోదు. చెరువు నిండిన ఏడాది దిగువ బావుల్లో నీటి మట్టం లేస్తుంది, ఊరి తాగునీటి బోరు మే నెల దాటిస్తుంది. చెరువు ఎండితే కాలవ రైతు ఒక్కడే కాదు, బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే ఆడమనిషి కూడా నష్టపోతుంది. ఆమె పేరు ఆయకట్టు పుస్తకంలో ఎక్కడా ఉండదు.

ఇక చెప్పక తప్పని సంగతి 2021 నవంబరు 19. ఆ రోజు కార్తీక పౌర్ణమి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఆ తెల్లవారుజామునే తమిళనాడు తీరం దాటింది. అంతకుముందు నుంచే చిత్తూరు, కడప కొండల మీద వాన విరామం లేకుండా పడుతోంది. చెయ్యేటికి నీళ్లిచ్చే వాగుల్లో ఒకటైన పింఛా మీద, సుండుపల్లె మండలంలో, పాత ప్రాజెక్టు ఉంది. దాని నిల్వ 0.327 టీఎంసీ. ముందు దాని కట్ట తెగింది. దిగువన రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర చెయ్యేటి మీద 2.24 టీఎంసీల అన్నమయ్య ప్రాజెక్టు ఉంది. తాళ్లపాక అన్నమయ్య ఈ ప్రాంతంవాడే కాబట్టి ఆ పదకర్త పేరు పెట్టుకున్నాం. తెల్లవారుతుండగా ఆ ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్ల మీద ఏరు పడింది. పౌర్ణమి దీపాలు పెట్టుకోవడానికి ఏటి ఒడ్డు శివాలయానికి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకుని, జనం బస్సు పైకప్పెక్కి కూర్చున్నారు. నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 40 మందికి దగ్గరగా ఉన్నారు. ఎన్ని పశువులు పోయాయో, ఎన్ని పొలాల మీద మనిషెత్తు ఇసుక మేట వేసిందో ఆ ఊళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఆ తర్వాత వచ్చిన ఫొటోల్లో ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. గేట్లున్న కాంక్రీటు భాగం చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. దాని పక్కనుండాల్సిన మట్టికట్ట మాత్రం లేదు. ఏరు గేట్లను వదిలేసి పక్కనుంచి దారి చేసుకుంది. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛూ నది మీది రెండో ఆనకట్ట తెగి మోర్బీ పట్టణం మునిగినప్పుడూ ఇదే జరిగింది. మధ్యలో రాతి అలుగు నిలబడింది, రెండు వైపులా మట్టికట్టలు కొట్టుకుపోయాయి. వేయిమందికి పైగా చనిపోయారు. 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా నగరం ఎగువన ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు మట్టి ఆనకట్టలు ఒకే రాత్రి తెగి, ఊరిలో పెద్ద భాగాన్ని సముద్రంలోకి తోసేశాయి. పింఛా, అన్నమయ్య వరుస చూసినవాళ్లకు డెర్నా వార్త కొత్తగా అనిపించదు.

మట్టికట్ట గుణం ఒకటి మనసులో పెట్టుకోవాలి. తనను ఆనుకుని నిలిచిన నీటిని అది ఎన్నేళ్లైనా ఆపుతుంది. తన నెత్తిమీదుగా పొర్లే నీటిని మాత్రం కాసేపు కూడా తట్టుకోలేదు. రాతి ఆనకట్ట మీదుగా నీళ్లు దూకినా రాయి రాయిగానే ఉంటుంది. మట్టికట్ట మీద జానెడు లోతు నీళ్లు పారితే చాలు, అవి దిగువ వాలులో వేగం పుంజుకుని మొదట గరికను లేపుతాయి, తర్వాత చిన్న గాడి కోస్తాయి. ఆ గాడిలోకి ఇంకా నీళ్లు చేరతాయి, గాడి వెడల్పవుతుంది. కొద్దిసేపట్లోనే అది గండి. అప్పుడు ఇసుక బస్తాలు పనిచెయ్యవు, దేవుడికి మొక్కుకోవడమే మిగులుతుంది.

అందుకే కట్ట ప్రాణమంతా మరవలో ఉంది. కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. నిండిన తర్వాత మిగులు నీళ్లు ఎటుపోవాలో చూపించే దారి అది. అన్నమయ్య లెక్కతో చెబుతాను, రైతులు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. ఆ రోజు వచ్చిన వరద 3.2 లక్షల క్యూసెక్కులని ప్రభుత్వం చెప్పింది. ఆ ధాటికి, ఒట్టి ఖాళీగా ఉన్న 2.24 టీఎంసీల జలాశయమైనా రెండు గంటలు తిరక్కుండా అంచుదాకా నిండిపోతుంది. గేట్లన్నీ ఎత్తితే అలుగు వదలగలిగింది సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు. అంటే అన్నీ సక్రమంగా పనిచేసినా సెకనుకు లక్ష ఘనపు అడుగుల నీరు పోయే దారిలేక నిలిచిపోతుంది. గంటకు అది 0.37 టీఎంసీ. పై పింఛా ప్రాజెక్టు మొత్తం నిల్వ కంటే ఎక్కువ. పైగా ఐదు గేట్లలో ఒకటి ఆ రోజు పనిచెయ్యలేదు. ఆ మాట రాజ్యసభలోనే చెప్పారు.

ఇందులో ఎవరి తప్పెంతో తేల్చడం ఈ ప్రసంగం పని కాదు. నాకు ముఖ్యమనిపించేది వేరు. రెండు గంటల్లో నిండే జలాశయానికి ఆ రెండు గంటలూ లెక్క కావు, అంతకుముందు రెండు నెలలే లెక్క. గేటు గొలుసుకు గ్రీజు పెట్టడం, తూము షట్టరు తిరుగుతుందో లేదో చూడటం, మరవ కాలవలో మొలిచిన కంప కొట్టించడం, ఇవన్నీ సెప్టెంబరులో అయిపోవాల్సిన పనులు. నవంబరు రాత్రి వానలో టార్చిలైటు పట్టుకుని చేసే పనులు కావు. చెరువు ఎంత చిన్నదైనా ఇదే సూత్రం. నీటి ఒత్తిడి వైశాల్యాన్ని బట్టి ఉండదు, లోతును బట్టి ఉంటుంది. మూడు మీటర్ల లోతున్న నీళ్లు అడుగున ప్రతి చదరపు మీటరు మీద మూడు టన్నుల బరువుతో నెడతాయి. అది ఊరి కుంట కావచ్చు, సోమశిల కావచ్చు.

పైనుంచి పొర్లి చావడం కట్టకు ఒక చావు. రెండోది లోపలినుంచి తినుకుంటూ వచ్చేది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ గనుక దాని దగ్గర కాసేపు ఆగుతాను.

మంచి కట్ట లోపల రెండు రకాల మట్టి ఉంటుంది. నడుమ జిగట మట్టి. నీటిని ఆపేది అదే. దాన్ని నేల లోపల గట్టి పొర తగిలేదాకా కందకం తవ్వి అక్కడినుంచి లేపుతారు. దానికి రెండు పక్కలా గరుసు నేల. అది బరువిస్తుంది, జారకుండా పట్టుకుంటుంది. మట్టిని ఒకేసారి కుప్ప పోయకూడదు. జానెడు మందం పరచాలి, తడపాలి, తొక్కించాలి, ఆ తర్వాతే ఇంకో పొర. ఎంత తడపాలనేది చేతికి తెలియాలి. పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, అరచేతికి అంటుకోకూడదు. తడి చాలకపోతే గడ్డలు గడ్డలుగానే ఉండిపోయి మధ్యలో సందులు మిగులుతాయి, మించితే జారుతుంది. ఇప్పటి ఇంజనీర్లు ప్రయోగశాలలో మట్టికి సరైన తేమ శాతం కడతారు. పూర్వం ఒడ్డెలు, ఉప్పరులు పిడికిలితో కట్టారు. తొక్కించడానికి పశువులను తోలేవారు. ఇప్పుడు ఆ పనికి వాడే రోలరు ఇనుప పీపా చుట్టూ గిట్టల్లాంటి మొనలుంటాయి. దాన్ని గొర్రెకాళ్ల రోలరు అనే పిలుస్తారు.

ఇంత జాగ్రత్తగా కట్టినా కొంత నీరు కట్టలోంచి ఊరుతుంది. ఊరాలి కూడా. కట్ట దిగువ పాదం దగ్గర నేల చెమ్మగా ఉండటం, అక్కడ తుంగ మొలవడం రోగం కాదు. చూడవలసింది ఆ ఊట ఎలా వస్తోందని. దోసిట్లోకి తీసుకుని చూడండి. తేటగా ఉందా, వేళ్ల సందుల్లో సన్న మట్టి మిగిలిందా? తేటగా ఉంటే నీళ్లు మాత్రమే వస్తున్నాయి. మట్టి మిగిలితే నీళ్లతోపాటు కట్ట కూడా వస్తోంది. లోపల ఎక్కడో పెన్సిలంత దారి పడింది. ఆ దారి దిగువనుంచి మొదలై వెనక్కి, చెరువు వైపుకి తవ్వుకుంటూ పోతుంది. అది చెరువు నీళ్లను తాకిన గంట కట్టకు ఆఖరి గంట. మనవాళ్లు బుంగ పడింది అనేది దీన్నే. ఎండ్రకాయలు, పందికొక్కులు, ఉడుములు చేసిన బొరియలతో అది మొదలవుతుంది. కట్ట మీద పెరగనిచ్చిన సర్కారు తుమ్మ నరికేశాక లోపల వేరు కుళ్లిపోయి మిగిలే సొరంగంతో మొదలవుతుంది. అన్నిటికంటే ఎక్కువగా తూము పక్కన మొదలవుతుంది. రాయి, మట్టి కలిసే చోట అతుకు ఎప్పుడూ బలహీనమే.

బుంగ కనబడగానే ఊళ్లో జనం చేసే పని ఒకటుంది. గంపలతో బంకమట్టి తెచ్చి, నీళ్లొచ్చే రంధ్రంలో కుక్కి, కాళ్లతో తొక్కి మూసేస్తారు. మనసు మంచిదే గానీ పని ప్రమాదకరం. మూతి మూస్తే లోపలి ఒత్తిడి పెరిగి పక్కనే ఇంకోచోట, ఇంకా పెద్దగా పొడుచుకొస్తుంది. దిగువ వైపు చెయ్యాల్సింది నీటిని ఆపడం కాదు, మట్టిని ఆపడం. నీళ్లు వస్తే రానివ్వాలి, మట్టి మాత్రం రాకూడదు. రంధ్రం మీద, దాని చుట్టూ రెండు మూడు అడుగుల దాకా ముందు ఇసుక పొయ్యాలి. ఇసుక మీద సన్న కంకర. దాని మీద పెద్ద కంకర, ఆ మీద బరువుకు రాళ్లు. ఇసుక మట్టిని పట్టుకుంటుంది, కంకర ఇసుకను పట్టుకుంటుంది, నీళ్లు తేటగా బయటికి పోతాయి. ఇసుక నిలవనంత జోరుగా వస్తుంటే రంధ్రం చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి చిన్న బావిలా కట్టాలి. లోపల నీళ్లు లేచేకొద్దీ జోరు తగ్గుతుంది. మూసే పని ఏదైనా ఉంటే చెరువు లోపలి వైపు, నీళ్లు దూరే చోట చెయ్యాలి. ఇదంతా జరుగుతుండగానే తూములు ఎత్తి చెరువు నీటిమట్టం తగ్గించుకోవాలి. అదీ మెల్లగా. ఒక్కసారిగా దించేస్తే నాని ఉన్న లోపలి వాలు జారిపడుతుంది.

దీనికి కావలసినదల్లా రెండు ట్రాక్టర్ల ఇసుక, రెండు ట్రాక్టర్ల కంకర, ఖాళీ సంచులు. అవి కట్ట దగ్గర ముందే ఉండాలి. అర్ధరాత్రి ఏరు అడ్డం తిరిగాక ఇసుక తేవడం ఎవరి తరమూ కాదు.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టిన సంగతులేమీ కావు. మన పాత కడప జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు ఉంది. అనంతరాజ సాగరం దాని అసలు పేరు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. ఆ కథంతా 1369 నాటి శాసనంలో, సంస్కృత భాషలో, తెలుగు లిపిలో చెక్కించి పెట్టాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పాటు పనిచేసిన సంగతి అందులో ఉంది. మాల్దేవి అనే ఏటి నీళ్లను కొండల మధ్య కట్టలతో నిలిపారు. ఆరున్నర శతాబ్దాలు దాటినా ఆ చెరువు నిలిచే ఉంది. దానితోపాటు కంభం చెరువునూ కర్నూలు కడప కాలవనూ 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ నీటి కట్టడాలుగా గుర్తించింది. శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించినవాడు వి.ఎస్. సూక్తంకర్. మహాభారతం పరిష్కృత ప్రతికి తర్వాత ప్రధాన సంపాదకుడైన పండితుడు ఆయనే.

చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలుండకూడదని ఆ శాసనం చెబుతుంది. ఈ కాలపు ఇంజనీరు ముందు పెడితే ఒక్కటీ కొట్టివెయ్యలేడు. ముందు మంచి రాజు, తర్వాత జలశాస్త్రం తెలిసిన పండితుడు కావాలంటుంది. అడుగు గట్టి బంకమట్టి నేలై ఉండాలి. దూరం నుంచి తియ్యని నీళ్లు తెచ్చే నది కావాలి. కొండలు దగ్గరకు వచ్చే సందులో కట్ట వెయ్యాలి, అది మరీ పొడుగు కాకూడదు, గట్టిగా ఉండాలి. దగ్గరలో పొడవైన రాళ్లు దొరికే గని ఉండాలి. చెరువు వెడల్పుగా, లోతుగా ఉండాలి. చివరగా, పని తెలిసిన మనుషుల బృందం ఉండాలి. రాజు దగ్గర మొదలైన జాబితా పనివాళ్ల దగ్గర ముగుస్తుంది.

దోషాలు ఇంకా సూటిగా ఉంటాయి. మొదటిదే కట్టలోంచి నీరు కారడం. మనం ఇందాక చెప్పుకున్న బుంగ అన్నమాట. చవిటి నేల ఇంకొకటి. చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం మరొకటి. నీళ్లు కొద్ది, ఆయకట్టు ఎక్కువ అయినా దోషమే. ఆయకట్టు కొద్ది, నీళ్లు ఎక్కువ అయినా దోషమే. ఇక రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమంది. రాజ్యాలు పోయాయి గానీ ఈ దోషం పోలేదని నా నమ్మకం. ఎగువ కట్ట ఒక డివిజనుది, దిగువ కట్ట ఇంకొకరిది. చెరువు పంచాయతీది, కాలవ ఇరిగేషన్‌ది, ఎగువ వంక అటవీశాఖది, కట్ట మీది రోడ్డు మరొకరిది. వాన మాత్రం వీళ్లందరి మీదా కలిపే కురుస్తుంది. పైన తెగిందన్న కబురు కిందికి నీళ్ల కంటే ముందు చేరకపోతే ఆరొందల ఏళ్ల కిందటి ఆ దోషమే మళ్లీ మనల్ని పట్టుకున్నట్టు.

కట్టిన తర్వాత చూసుకునేదెవరు అన్న ప్రశ్నకూ మన సీమలో పాత జవాబు ఉంది. దశబంధం ఇనాములని కడప జిల్లా పాత రికార్డుల నిండా కనబడతాయి. చెరువు తవ్వించినవాళ్లకో, దాని మరమ్మతు బాధ్యత మోసే కుటుంబానికో ఆయకట్టులో కొంత భూమికి పన్ను తగ్గించి ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే ఆ భూమికి విలువ. కట్ట పాడైతే ఇనాం కూడా వట్టిదే. బాధ్యతను మాటల్లో కాకుండా పొలంలో కట్టేసిన పద్ధతి అది. ఆ పైన నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు తిప్పాలో అతని చేతిలో ఉండేది. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద నడిచేవాడు అతనే. కూలి కింద కళ్లం దగ్గర మేర కొలిచేవారు. నీరుగంట్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు, ఆయకట్టులో సెంటు భూమి లేనివాళ్లు. సొంత మడి లేనివాడికి పక్షపాతం ఉండదని ఊరి పెద్దలు సమర్థించుకునేవారు. చెరువు గురించి ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి చెరువు కింద కుంట నేల కూడా లేకపోవడం న్యాయం కాదు. ఆ అన్యాయాన్ని తీసెయ్యాల్సిందే. కానీ మనం అన్యాయంతో పాటు ఆ పనిని కూడా తీసేశాం. ఇప్పుడు చాలా చెరువులకు నీరుగంటి లేడు. ఉన్నచోట అతనికి జీతం లేదు.

బ్రిటిషువాళ్లు 1858లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక చట్టం చేశారు. చెరువు కట్టకు గండి పడే ప్రమాదం వస్తే ఊళ్లో కూలిపని చేసే వర్గాల్లో ఒంట్లో సత్తువున్న మగవాళ్లంతా పనికి రావాలని అందులో ఉంది. బలవంతపు చట్టమే, దాన్ని మెచ్చుకోను. కట్ట ప్రమాదం ఊరంతటి ప్రమాదమన్న ఎరుక మాత్రం అందులో ఉంది. 1997లో మన రాష్ట్రంలో నీటి సంఘాల చట్టం వచ్చింది. ఎన్నికలు జరిగాయి, కొన్నిచోట్ల పూడిక తీశారు, కాలవలు బాగుచేశారు. కట్ట మీద రాత్రి నడిచే మనిషి మాత్రం ఆ లెక్కల్లో స్థిరపడలేదు.

ఇప్పుడు ఇంకో చట్టం ఉంది. 2021 ఆనకట్టల భద్రతా చట్టం. అన్నమయ్య తెగిన పదమూడు రోజులకు, డిసెంబరు 2న, రాజ్యసభ దాన్ని ఆమోదించింది. తనిఖీలు, అత్యవసర ప్రణాళికలు, బాధ్యులకు శిక్షలు అందులో ఉన్నాయి. చాలాకాలంగా రావాల్సిన చట్టమే. అయితే అది 15 మీటర్ల పైన ఎత్తున్న ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ, వరద పరిమాణం లాంటి షరతుల్లో ఒకటైనా తీరిన వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఊరి చెరువు కట్టల్లో ఎక్కువ భాగం పది మీటర్లు ఉండవు. ఢిల్లీ చూపు వాటిదాకా రాదు. రావాలని నేను కోరను కూడా. ఆరు మీటర్ల కట్టను ఢిల్లీ నుంచి ఎవరూ కాయలేరు. దాన్ని కాయగలిగింది దాని కింద కాపురముండే ఊరే.

పూడిక తీసే కార్యక్రమాలు గడిచిన కొన్నేళ్లలో చాలా జరిగాయి. ఆంధ్రలో నీరు చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ. పూడిక తియ్యడం మంచిదే, ఒండ్రు పొలాలకు బలం. కానీ ఒక హెచ్చరిక. పొక్లెయిను తెచ్చి కట్ట లోపలి పాదం పక్కనే లోతుగా తవ్వితే కట్ట కాళ్ల కింద నేల తీసినట్టే. చెరువు అడుగున ఉన్న జిగట పొరను చీల్చుకుని ఇసుక తగిలితే ఆ చెరువు ఇక నిలవదు. పూడిక కట్టకు దూరంగా, చెరువు గర్భంలో తియ్యాలి. కట్ట పక్కన దగ్గర్లో మట్టి దొరుకుతుంది గదా అని లారీలకు ఎత్తేవాళ్లను ఊరు అడ్డుకోవాలి. ఇసుకకు, మట్టికి ఇంత గిరాకీ ఉన్న రోజుల్లో ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు.

వచ్చే వాయుగుండం లోపు మంగంపేట చుట్టుపక్కల ఊళ్లు ఏం చెయ్యవచ్చో చెప్పి ముగిస్తాను. వినాయక చవితికి దసరాకు మధ్య ఒక ఆదివారం, నీటి సంఘంవాళ్లు, పంచాయతీ సభ్యులు, ఇద్దరు ముగ్గురు ముసలి రైతులు, పాత నీరుగంటి కుటుంబం నుంచి ఒకరు కలిసి కట్ట ఈ చివర నుంచి ఆ చివరదాకా నడవండి. పైన ఒకసారి, దిగువ పాదం వెంట ఒకసారి. కట్ట తల ఎక్కడైనా కుంగిందేమో చూడండి, ఎందుకంటే నీళ్లు మొదట పొర్లేది అక్కడే. దారి పడి అరిగిన చోట గరుసు పోయించండి. మరవ రాళ్ల మీద, చేపలు పోకుండా కట్టిన వలలు, పేర్చిన బస్తాలు ఉంటే తీసేయించండి. నిల్వ కాస్త పెరుగుతుందని మరవ మీద పెట్టే ఆ జానెడు ఎత్తు, వరదనాడు కట్ట నెత్తి మీదికి నీళ్లు తెస్తుంది. తూము షట్టరును ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడండి. ఇసుక, కంకర, సంచులు ఒకచోట పోయించండి.

ఆ తర్వాత ఒక మనిషిని పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజూ, వాన రాత్రుల్లో రెండేసి సార్లు, కట్ట నడిచే మనిషి. మంచి టార్చిలైటు, వానకోటు, గమ్‌బూట్లు ఇవ్వండి. మూడు నెలలకు మర్యాదైన జీతం ఇవ్వండి. ఆయకట్టు ఎకరానికి కొంతని వేసుకుంటే పెద్ద మొత్తం కాదు. అతని దగ్గర మూడు ఫోను నంబర్లుండాలి. ఎగువ చెరువు మనిషిది, దిగువ ఊరి మనిషిది, ఇరిగేషన్ ఇంజనీరుది. ఎగువన మరవ పారిందనే కబురు అర్ధరాత్రి రెండింటికి వచ్చినా అతను లేచి దిగువకు చెప్పాలి, దిగువవాళ్లు మళ్లీ వాళ్ల కిందివాళ్లకు చెప్పాలి. ఎవరి ఇల్లు ముందు ఖాళీ చెయ్యాలో, మంచాన ఉన్న ముసలివాళ్లను ఎవరు ఎత్తుకోవాలో, పశువుల తాళ్లు ఎవరు విప్పాలో, ఎక్కాల్సిన మిట్ట ఏదో, ఆ ఆదివారమే కట్ట మీద కూర్చుని మాట్లాడుకోండి.